పళ్ళెం ఖాళీ అయితే

తండా, జూలూరుపాడు మండలం,
5 అక్టోబరు 2008

కోటేషూ,

క్షేమంగా చేరావా, తిన్నావా, చలికి మంచి రగ్గు దొరికిందా? అడగాల్సినవి అడిగేశాను. ఇక నా గోల విను.

ఫోన్ చేద్దామంటే మీ అన్న మోతీలాల్ వద్దన్నాడు. పోయినసారి బూతులో లైను కట్టయ్యే దాకా ఇద్దరం "వినబడ్తుందా, వినబడ్తుందా" అని అరుచుకోవడమే సరిపోయింది. వంట సంగతి అట్లా అడగలేను. సరిగ్గా ఉప్పు దగ్గరికొచ్చేసరికి లైను పోతే నా గతేం కాను? ఏడో తరగతి చదువు ఇన్నాళ్ళకు పనికొస్తోంది.

నువ్వు విమానం ఎక్కే ముందు క్యాంపు చూసుకునే వెంకటనారాయణ సారుతో మాట్లాడి ఇప్పించావు చూడు, ఆ క్యాంపు వంటపనిలో చేరాను. చండ్రుగొండ దాటాక అడవిలోకి మలుపు తిరిగే చోట, బొగ్గు కోసం బోర్లు వేసే మిషన్ల పక్కనే రేకుల షెడ్డు. అందులో పొయ్యి నాది. మనవాళ్ళు ఇరవై మంది తింటారు. నా వంటకు వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. మొన్న గోంగూర బోటి వండితే గిన్నె కడిగే పని కూడా మిగల్చలేదు.

తిననివాడు ఒక్కడే. ఈ మిషన్ల పెద్ద, నీ లెన్నార్ట్ దొర. నీకు స్వీడన్‌లో చదువు ఫీజు లేకుండా ఉట్టిగా చెప్తారని దారి చూపించిన మహానుభావుడు, నా కొంప మాత్రం ముంచేట్టున్నాడు.

మొదటి రోజు కోడికూర, పప్పుచారు పెట్టాను. కారం కూడా తగ్గించాను. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. నాకు ఎంత సంబరమో! మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఖాళీ చేశాడు. మళ్ళీ పెట్టాను. అట్లా నాలుగైదు సార్లు. మొహం కందగడ్డలా అయింది, చెమటలు కారాయి, అయినా పళ్ళెంలో ఏమీ మిగల్చలేదు. అంత ఇష్టంగా తిన్న మనిషి మర్నాడు అన్నం వేళకు కనబడలేదు. ఆ మర్నాడూ లేదు. జీపు వెనక నిలబడి బిస్కట్లు తింటున్నాడని డ్రైవర్ చెప్పాడు.

వెంకటనారాయణ సారు వచ్చి, "ఏందమ్మా హేమ్లీ, దొర నీ వంట తింటలేడంట. క్యాంపే ఆయనది. ఆయన తినకుంటే ఈ వంటశాల ఎవనికి? జనవరి దాకా చూస్త. గిట్లనే ఉంటే ఖమ్మం నుంచి వంటమాస్టర్‌ను తెచ్చుకుంట" అన్నాడు.

నేను మళ్ళీ మిరప చేలోకి పోను కోటేషూ. ఏళ్ళ తరబడి కాయ ఏరి సాయంత్రం ఇంటికొస్తే మంట చేతులతో బిడ్డ మొహం కూడా తుడవలేకపోయేదాన్ని. ఇప్పుడు నా చేతులకు ఉల్లిగడ్డ వాసన తప్ప మంట లేదు. ఈ పొయ్యిని నేను వదలను, ఎవడొస్తాడో రానీ.

నువ్వుండేది ఆయన అక్క ఇంట్లోనే కదా. వాళ్ళ ఇంట్లో ఏం వండుకుంటారో ఆమెను అడిగి రాయి. ఒకసారి చేసి చూపిస్తే చాలు నాకు.

నీ కడుపు జాగ్రత్త,
హేమ్లి వదిన


ఫాలున్, స్వీడన్,
19 అక్టోబరు 2008

వదినకు నమస్కారం,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నీ వంట తినకుండా పారిపోయే మనిషి ఈ భూమ్మీద ఉన్నాడంటే నమ్మలేకపోతున్నాను.

ఈ ఊరు చూస్తే మన కొత్తగూడెం గుర్తొస్తుంది. ఇదీ గనుల ఊరే. వెనకటికి రాగి తీసేవాళ్ళట. ఇళ్ళన్నీ ఎర్రమట్టి పూసినట్టు ఉంటాయి. పొద్దు గూకడం రోజురోజుకూ ముందుకు జరుగుతోంది, డిసెంబరుకల్లా మూడింటికే చీకటి పడుతుందని భయపెడుతున్నారు.

లెన్నార్ట్ గారి అక్క పేరు బిర్గిట్టా. నేను బిర్గిట్టమ్మ అంటాను, ఆమెకు నచ్చింది. ఒంటరి మనిషి. మేడ మీద గది నాకిచ్చింది, కట్టెలు మోసి వాకిలి ఊడిస్తే చాలంది. రాత్రి భోజనం ఆమెతోనే.

వాళ్ళ ఇంటివంట అడిగితే ఎగిరి గంతేసి చేసి చూపించింది. పేరు పిట్టిపన్నా. పెనంలో చిన్న ముక్కలు అని అర్థమట. ఉడికించిన ఆలుగడ్డలు చల్లారాక గోరంత ముక్కలు కొయ్యాలి. ఉల్లిగడ్డ, కోర్వ్ కూడా అంతే సన్నగా. కోర్వ్ అంటే మాంసం మెత్తగా రుబ్బి పేగులో నింపినది. ఏ మాంసమో అడగకు. అన్నీ వెన్నలో విడివిడిగా ఎర్రగా వేయించి కలపాలి. ఉప్పు, మిరియాలు, అంతే. పైన ఒక గుడ్డు అట్టు, పక్కన పులుపులో నానేసిన బీట్‌రూట్. పసుపు లేదు, కారం లేదు, తాలింపు లేదు. నీ చెయ్యి ఊరుకోదని తెలుసు, అయినా ఊరుకోమను.

ఒక్క సంగతి నీకే చెబుతున్నాను. బిర్గిట్టమ్మ మంచిదే గానీ కాస్త పిసినారి. పళ్ళెం నిండా పెట్టింది, తిన్నాను. "ఇంకా కావాలా" అని అడిగింది. మర్యాద ఉండొద్దూ, వద్దన్నాను. మళ్ళీ అడుగుతుంది, అప్పుడు పెట్టించుకుందామని కూర్చున్నాను. గిన్నె మూతపెట్టి తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టేసింది! ఒక్కసారంటే ఒక్కసారే అడిగింది వదినా.

అన్నకు చెప్పు, బిడ్డను ముద్దాడు.
కోటేష్


తండా,
4 నవంబరు 2008

కోటేషూ,

వద్దన్నావని గిన్నె ఎత్తుకుపోయిందా? అదేం మనిషి! వద్దనడం తినేవాడి వంతు, పెట్టడం పెట్టేవాళ్ళ వంతు. "సాలు సాలు" అని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచైనా పెట్టాలి గానీ ఫ్రిజ్‌లో పెట్టుకుంటారా? పిల్లికి బిచ్చం పెట్టని రకంలా ఉంది. నేను చెప్పినట్టు చెయ్యి. పళ్ళెం తుడిచినట్టు తినకు, ఆశపోతు అనుకుంటుంది. ఒక పిడికెడు వదిలిపెట్టి లే. మనకు గతిలేక ఆమె ఇంట్లో పడి తింటున్నామనుకోకూడదు. మన పరువు మనం కాపాడుకోవాలి.

పిట్టిపన్నా చేశాను. కోర్వ్ ఎక్కడ తెచ్చేది? మేక కార్జం ముక్కలు వేశాను. బీట్‌రూట్‌కు మీ అన్న ఖమ్మం పోయొచ్చాడు, దారి పొడుగునా నన్ను తిట్టుకుంటూ. తాలింపు వెయ్యలేదు. ఒట్టు. ఎండుమిరపకాయ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను గానీ వెయ్యలేదు.

లెన్నార్ట్ దొరను డ్రైవర్‌తో పిలిపించాను. పళ్ళెం చూడగానే మొహం విప్పారింది. ఏదో గట్టిగా అన్నాడు, నాకు దండం లాంటిది పెట్టాడు. తిన్నాడు చూడు, బీట్‌రూట్ రసం కూడా ఆలుగడ్డ ముక్కతో అద్దుకుని. గెలిచాననుకున్నాను. మళ్ళీ పెట్టాను. తిన్నాడు. మూడోసారి పెట్టేసరికి నా వైపు ఒక చూపు చూశాడు, ఏమి చూపో అర్థం కాలేదు. తిన్నాడు. నాలుగోసారి కళ్ళు మూసుకుని తిన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు పాపం, అక్క గుర్తొచ్చిందేమో అనుకుని ఇంకో గుడ్డు వేశాను.

మర్నాడు లేడు! మళ్ళీ జీపు వెనకే. నేను కనబడితే జీపు చుట్టూ తిరుగుతున్నాడు, అప్పు తీసుకున్నవాడిలా.

అంటే తప్పు కార్జం ముక్కల్లో ఉంది. అసలు కోర్వ్ కావాలి ఆయనకు. అది చేసే పద్ధతి పూర్తిగా కనుక్కుని రాయి. పేగులు శుభ్రం చెయ్యడం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, లోపల నింపేదే చెప్పు.

పరువు జాగ్రత్త, పిడికెడు వదలడం మరిచిపోకు,
వదిన


ఫాలున్,
20 నవంబరు 2008

వదినా,

మంచు పడింది. ఇప్పుడు వాకిలి ఊడ్చడమంటే పారతో తవ్వడమే.

కోర్వ్ సంగతి అడగ్గానే బిర్గిట్టమ్మ నన్నే వంటగదిలో నిలబెట్టి చేయించింది. ఇది వాళ్ళ అమ్మ పుట్టింటి పక్క చేసే ఆలుగడ్డ కోర్వ్ అట, క్రిస్మస్‌కు చేస్తారు. పచ్చి ఆలుగడ్డలు, ఉడికించినవి కాదు, పచ్చివే తురమాలి. అంతే బరువు ఖైమా, రెండు ఉల్లిగడ్డల తురుము, ఉప్పు, మిరియాల పొడి. వాళ్ళు ఇంకో మసాలా గింజ వేస్తారు, వాసన చూస్తే లవంగమూ మిరియమూ కలిసినట్టుంది, నువ్వు లవంగం వెయ్యి. గరాటుతో పేగులోకి నింపి జానెడుకొకసారి దారం కట్టాలి. ముఖ్యమైన మాట: పేగు నిండా కూరకూడదు. వదులుగా, నొక్కితే లొత్త పడేట్టు నింపాలి. ఉడికేటప్పుడు లోపలిది పొంగుతుంది, చోటు లేకపోతే పగులుతుంది. నీళ్ళు తెర్లకుండా సన్నమంట మీద ఉడికించాలి. తర్వాత పెనం మీద కొంచెం ఎర్రగా కాల్చి, ఉడికించిన ఆలుగడ్డలతో పెట్టాలి.

నువ్వు చెప్పినట్టు రోజూ పిడికెడు వదిలేస్తున్నాను. ఆమె ఆ మిగిలినదాన్ని చూసి, "బాగాలేదా" అని అడుగుతుంది. "చాలా బాగుంది" అంటాను. నమ్మినట్టు కనబడదు. రోజురోజుకూ నాకు పెట్టేది తగ్గిస్తోంది వదినా. మొదట మూడు ఆలుగడ్డలు, తర్వాత రెండు, నిన్న ఒకటిన్నర. దాంట్లోంచి మళ్ళీ పరువు కోసం కొంత వదలాలి కదా. పొమ్మనలేక పొగ పెడుతోందా అని అనుమానంగా ఉంది. బెంగ పెట్టుకోకు, కాలేజీ దగ్గర రొట్టె దొరుకుతుంది, అట్టముక్కలా ఉంటుంది గానీ అది తిని నీళ్ళు తాగితే ఆకలి ఆగుతుంది.

కోర్వ్ నీ చేతిలో అదిరిపోతుంది. నాకు నమ్మకం.
కోటేష్


తండా,
8 డిసెంబరు 2008

కోటేషూ,

ఒకటిన్నర ఆలుగడ్డా! చదివి ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. ఆమెను నా ఎదురుగా నిలబెట్టు, నేను మాట్లాడతా. ఎదిగిన పిల్లాడికి ఒకటిన్నర ఆలుగడ్డ పెట్టి తలుపేసుకుంటుందా? గది మారిపో.

కోర్వ్ చేశాను. జూలూరుపాడు సంతలో కటిక పోతయ్యను మేక పేగులు అడిగి, తిరగేసి, ఉప్పూ పసుపూ పెట్టి కడిగితే పాలలా తెల్లగా వచ్చాయి. నింపేటప్పుడు నువ్వు వదులుగా అన్నావు. వదులుగా నింపి చూశాను. ఏమి బాగుంటుంది చెప్పు, సగం ఖాళీగా, బక్కచిక్కినట్టు వేలాడుతూ! హేమ్లి సగమే నింపిందంటారు. ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని గట్టిగా కూరాను. నీళ్ళలో వెయ్యగానే ఒక్కొక్కటే టప్ టప్ మని పగిలి గంజి అయ్యాయి. మనవాళ్ళు దాన్నే అన్నంలో కలుపుకుని "బాగుందక్కా" అన్నారు, అది వేరే సంగతి.

రెండోసారి నోరు మూసుకుని నువ్వు చెప్పినట్టే చేశాను. కుదిరాయి! ఉబ్బి, నున్నగా, పెనం మీద వేస్తే అడవి దాకా వాసన. దొర తనంతట తనే వచ్చాడు. రెండు తిన్నాడు, పళ్ళెం అద్దంలా మెరిసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అన్నాడు. ఇక ఆపుతానా? రెండు పెట్టాను. తిన్నాడు. ఇంకో రెండు. లేచి నిలబడ్డాడు. "కూసో సార్, సిగ్గువడకు" అని భుజం పట్టి కూర్చోబెట్టి ఇంకోటి వేశాను. పక్కనే వెంకటనారాయణ సారు ఏదో ఇంగ్లీషులో చెప్పాడు, దొర మళ్ళీ గరిటె వైపు చూసి, గట్టిగా ఊపిరి తీసుకుని తిన్నాడు.

అంతే. నాలుగు రోజులుగా పొయ్యి ముఖం చూడలేదు.

వెంకటనారాయణ సారు ఖాయం చేసేశాడు. జనవరి ఆఖరున ఖమ్మం వంటమాస్టర్ వస్తున్నాడు. ఒక పూట ఇద్దరం వండాలట. దొర ఎవరిది తింటే వాళ్ళకే వంటశాల. నాకు వంటంటే భయం లేదు. ఆ దొర మనసే అర్థం కావడం లేదు. అంత తిని, ఎందుకు పారిపోతాడు?

వదిన


ఫాలున్,
12 డిసెంబరు 2008

వదినా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. విషయం దొరికింది!

నిన్న లెన్నార్ట్ గారు అక్కకు ఫోన్ చేశారు. బిర్గిట్టమ్మ వింటూ వింటూ నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. తర్వాత నాకు చెప్పింది. వాళ్ళ అమ్మ కరువు రోజులు చూసిన మనిషట. పళ్ళెంలో పెట్టింది ఆఖరి ముక్క దాకా తినకపోతే బల్ల ముందు నుంచి లేవనిచ్చేది కాదట. అరవై ఏళ్ళొచ్చినా ఆ అన్నాచెల్లెళ్ళకు, తప్పు, అక్కాతమ్ముళ్ళకు పళ్ళెంలో మెతుకు వదలడమంటే పాపమే. వాళ్ళ లెక్కలో పళ్ళెం ఖాళీ అయితే "కడుపు నిండింది, బాగుంది" అని. ఇంకా కావాలంటే తామే గిన్నెలోంచి తీసుకుంటారు. ఒకరు వచ్చి వడ్డించరు.

మన లెక్కలో? ఖాళీ పళ్ళెం చూస్తే నీకు నిద్ర పట్టదు. ఆయన ఖాళీ చేస్తాడు, నువ్వు నింపుతావు. నువ్వు నింపావు కాబట్టి ఆయన తినాలి. తిన్నాడు కాబట్టి నువ్వు నింపాలి! పైగా వెంకటనారాయణ సారు, "ఆమె పెట్టింది వద్దంటే అవమానం సార్, తినాల్సిందే" అన్నాడట. "అక్కా, వంట అమృతంలా ఉంది, కానీ ఆ గరిటె చూస్తే నాకు వణుకు" అన్నారట లెన్నార్ట్ గారు.

తప్పు నీ వంటలో లేదు వదినా, నీ వడ్డనలోనే ఉంది. నువ్వు పెట్టడం మానెయ్యి. గిన్నె బల్ల మధ్యలో పెట్టి దూరంగా కూర్చో. చాలు, గెలిచినట్టే.

కోటేష్


తండా,
27 డిసెంబరు 2008

కోటేష్ గారికి,

హేమ్లి నమస్కరించి రాయునది. తమరి ఉత్తరం అందింది. తమరు పెద్ద చదువులు చదువుతున్నారు, సంతోషం. నా వడ్డనలో తప్పుందని కనిపెట్టారు, ఇంకా సంతోషం.

నేను ఈ ఇంటికి వచ్చేసరికి తమరు నిక్కరు కూడా సరిగా వేసుకునేవారు కాదు. అప్పటి నుంచి తమరి పళ్ళెంలో పెట్టింది ఈ చెయ్యే. ఒక్కనాడైనా తప్పనిపించలేదా? పండక్కి వచ్చిన చుట్టం, దారిన పోయే కోయ ముసలవ్వ, గొర్రెల కాపరి, ఎవరికి పెట్టినా చెయ్యెత్తి దీవించి పోయారు. గిన్నె మధ్యలో పడేసి చేతులు కట్టుకుని కూర్చోవాలా? అది అన్నం పెట్టడమా, కుక్కలకు వేసినట్టా? మా అమ్మ చూస్తే ఏమంటుంది?

మీ అన్నకు చదివి వినిపించాను. "వాడు చెప్పింది ఇని చూడరాదే" అన్నాడు. ఆయనతో కూడా మాట్లాడటం లేదు.

ఇంతే సంగతులు.

హేమ్లి

చలి ఎక్కువుందని రేడియోలో చెప్పారు. ఒకటిన్నర ఆలుగడ్డతో ఎట్లా ఉంటున్నావురా? గది మారావా?


ఫాలున్,
9 జనవరి 2009

వదినా,

తమరు అనొద్దు. ఏదైనా తిట్టు, అది మాత్రం వద్దు. తప్పు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గది మారలేదు. నీ ఉత్తరం చదివాక నీకు చెప్పిన మాటే నాకెందుకు వర్తించదని తట్టింది. పక్కవాడికి చెప్పడానికి ఉన్న తెలివి నాకు లేకపాయె. నేను వదిలిన పిడికెడు చూసి ఆమె, పిల్లాడికి నా వంట గొంతు దిగడం లేదు, బలవంతంగా పెట్టడమెందుకని తగ్గిస్తూ వచ్చింది. నేను వద్దంటే నిజంగానే వద్దనుకుంది. అబద్ధమాడతానని ఆమెకేం తెలుసు?

ఆ రాత్రి పళ్ళెం పూర్తిగా ఖాళీ చేశాను. ఆమె చూస్తోంది. పళ్ళెం పక్కకు జరిపాను, మళ్ళీ ముందుకు లాక్కున్నాను. చెవులు వేడెక్కాయి వదినా, దొంగతనం చేయబోతున్నట్టుంది. ఎట్టకేలకు, "నాకింకా ఆకలిగా ఉంది, ఇంకొంచెం పెట్టుకోనా" అన్నాను.

బిర్గిట్టమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఆకలితోనే లేచావా" అంది. గిన్నె నా ముందుకు తోసి, చాలదని లేచి మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఐదు ఆలుగడ్డలు, మూడు కోర్వ్‌లు తిన్నాను. ఆమె నాకంటే ఎక్కువ సంతోషపడింది. పిసినారి అన్నందుకు లెంపలేసుకున్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు పెట్టావు. అన్నం అడగడమనేది నాకు ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా తెలియకుండా పెంచావు. దాంట్లో తప్పెక్కడిది? ఇక్కడ మర్యాద ఇంకో రకం, అంతే. నిన్ను చేతులు కట్టుకుని కూర్చోమన్నది నీ చెయ్యి మంచిది కాదని కాదు. ఆ పొయ్యి నీది కావాలని. మిరప చేలోకి నువ్వు పోకూడదని నాకు నీకంటే ఎక్కువుంది.

ఏం చేస్తావో నీ ఇష్టం. నువ్వేం చేసినా గెలుస్తావు.

నీ కోటేష్


తండా,
26 జనవరి 2009

కోటేషూ,

మూడు నెలలు ఆకలితో లేచావా నాయనా. పిడికెడు వదలమని చెప్పిన నా నోరు పడిపోను. ఆ చోట ఉత్తరం మడిచి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. సరే, ఇప్పుడు తింటున్నావు కదా. బిర్గిట్టమ్మకు నా దండాలు చెప్పు. నేనన్న మాటలేవీ చెప్పకు.

మొన్న పందెం అయింది. ఖమ్మం వంటమాస్టర్ తెల్ల టోపీ పెట్టుకుని, ఇద్దరు పనివాళ్ళను వెంటేసుకుని దిగాడు. కోడిని గులాబీ రంగులో ఏదో చేశాడు, ముల్లంగితో పువ్వులు చెక్కాడు. నేను ఆలుగడ్డ కోర్వ్ వండాను. వదులుగా నింపి.

బల్ల మీద రెండు వైపులా మా ఇద్దరి వంటలు. వంటమాస్టర్ దొర పక్కనే నిలబడి, అచ్చం నాలాగే, పెట్టిందే పెడుతున్నాడు. దొర మొహంలో ఆ ఎరుపు ఎక్కుతోంది. బయటినుంచి చూస్తే అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ ఆ మనిషిని నేనేం చేశానో. నవ్వొచ్చింది, జాలేసింది, సిగ్గూ వేసింది.

నా వంతు వచ్చింది. పెనం తెచ్చి బల్ల మధ్యలో పెట్టాను, గరిటె పక్కన పెట్టాను, వెళ్ళి మూల బెంచీ మీద కూర్చున్నాను. వెంకటనారాయణ సారు "పెట్టవేందమ్మా?" అన్నాడు. "పెట్టిన. తీస్కుంటడు" అన్నాను. దొర ఒక కోర్వ్ వేసుకున్నాడు. తిన్నాడు. పళ్ళెం ఖాళీ. నా చెయ్యి దానంతట అదే లేచింది కోటేషూ, ఒట్టు. తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. దొర నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. అంత కష్టం మిరప చేలో కూడా పడలేదు.

గరిటె చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే తనంతట తనే ఇంకోటి వేసుకుంటున్నాడు. నెమ్మదిగా, పక్కన నేను నూరి పెట్టిన ఆవాల పచ్చడి అద్దుకుంటూ, ఒక చెమట చుక్క లేకుండా తిన్నాడు. తిని, ఇంకో సగం కోసుకుని, వెంకటనారాయణ సారుతో ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పాడు. సారు మొహం చూస్తేనే అర్థమైంది. "పొయ్యి నీదేనమ్మా" అన్నాడు.

అంతటితో అయిపోలేదు. దొర ఇంకో పళ్ళెం తీసి తన ఎదురుగా పెట్టి, పెనం అటు తోసి, మళ్ళీ తన తిండిలో తను పడిపోయాడు. ఆ పళ్ళెం ఎవరికో కాసేపు తెలియలేదు. నాకే. నేను లేచి వెళ్ళి కూర్చున్నాను. గరిటె పట్టుకున్నాను, నాకు ఎంత కావాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు అందరూ తిన్నాక మిగిలింది తిన్నాను, మిగలకపోతే పచ్చడి వేసుకున్నాను. నాకెంత కావాలని నన్ను నేనెప్పుడూ అడగలేదు. ఒకటి వేసుకున్నాను. బాగుంది. ఇంకోటి వేసుకున్నాను. అంతలో తెలిసింది, నా వంట నేను వేడిగా తినడం అదే మొదటిసారి. ఇంత బాగుంటుందని నాకెవ్వరూ చెప్పలేదేంట్రా! ఉప్పు మాత్రం ఒక రవ్వ తక్కువైంది, ఈసారి సరిచేస్తా. మూడు తిన్నాను. వంటమాస్టర్ టోపీ తీసి చూస్తున్నాడు, చూడనీ.

ఆ రాత్రి ఇంటికొచ్చి సంగటి, కోడికూర వండాను. గిన్నె మధ్యలో పెట్టి, నేనూ పళ్ళెం ముందేసుకుని కూర్చున్నాను. మీ అన్న తిని, పళ్ళెం ఖాళీ చేసి, అలవాటుగా నా మొహం చూశాడు. నేను తింటున్నాను.

"ఏందే, పెట్టవా?" అన్నాడు.

"గరిటె ఆడనే ఉంది" అన్నాను.

కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. గరిటె ఎట్లా పట్టుకోవాలో తెలియక కూర కాస్త చాప మీద పోసుకున్నాడు, అంతే. నేను లేవలేదు కోటేషూ. నా అన్నం ఇంకా అయిపోలేదు.

కడుపునిండా తిని రాస్తున్నాను,
నీ వదిన హేమ్లి